మోతీ వెంట డిచ్‌పల్లి

పిల్లలూ, నిజామాబాదు నుంచి హైదరాబాదు పోయే దారిలో సుమారు 15 కిలోమీటర్ల దూరాన డిచ్‌పల్లి అనే ఊరున్నది. బస్సులో రావచ్చు, రైలులోనూ రావచ్చు. నా చిన్నతనంలో ఇక్కడి పట్టాల మీద మీటరు గేజి బండ్లు నడిచేవి. బొగ్గు నలుసులు కంట్లో పడకుండా కిటికీ తలుపు దించుకుని కూచునేవాళ్ళం. ఇప్పుడు పట్టాలు వెడల్పయినాయి, పొగ పోయింది. ఊరి చుట్టూ వరి, చెరకు, మొక్కజొన్న, పసుపు పండుతాయి. మాఘమాసంలో వచ్చారంటే పసుపు కొమ్ములు ఉడకబెట్టే వాసన దారి పొడుగునా మీ వెంట నడుస్తుంది.

ఇక్కడ చూడదగినవి ముఖ్యంగా రెండు. ఒకటి గుట్ట మీది రామాలయం, రెండోది విక్టోరియా ఆసుపత్రి. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉన్నది గాని, దాన్ని మీరు పెద్దయ్యాక చదువుకోవడానికి వచ్చి చూద్దురుగాని.

ఊరు చూపించడానికి నేనొక్కణ్ణే రావడం లేదు. మోతీ కూడా వస్తుంది. మోతీ మా ఇంటి కుక్క. నాటు కుక్కే. ఒళ్ళంతా గోధుమరంగు, మూతి మాత్రం నా మీసం మాదిరిగానే నెరిసిపోయింది. దానికి పదమూడేళ్ళు. మనం మోతీ నడిచినంత వేగంగానే నడవాలి, అది ఆగిన చోటల్లా ఆగాలి. ఈ షరతుకు ఒప్పుకుంటేనే బయలుదేరదాం.

"పదమూడేళ్ళకే ముసలిదా?" అని మీకు అనుమానం రావచ్చు. కుక్క వయస్సును ఏడుతో హెచ్చవేస్తే మనిషి వయస్సు వస్తుందని చాలామంది అంటారు. ఆ లెక్క తప్పు. ఎందుకో మీరే ఆలోచించండి. ఏడాది నిండిన ఆడకుక్క పిల్లల్ని పెట్టగలదు. ఏడేళ్ళ పిల్ల ఇంకా రెండో తరగతిలో పలక పట్టుకుని ఉంటుంది. కుక్క మొదట పరుగెత్తి పెరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. 2020లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు లాబ్రడార్ జాతి కుక్కల జీవకణాలను పరీక్షించి ఒక లెక్క కట్టారు. దాని ప్రకారం ఒక ఏడాది లాబ్రడార్ 31 ఏళ్ళ మనిషితో సమానం, నాలుగేళ్ళది 53 ఏళ్ళ మనిషితో, పన్నెండేళ్ళది 71 ఏళ్ళ మనిషితో సమానం. ఆ లెక్క లాబ్రడార్లకు కట్టినదే గాని మోతీ వంటి నాటు కుక్కకు కట్టినది కాదు. పైగా కుక్కల్లో ఒక విచిత్రమున్నది. ఏనుగు ఎలుక కన్న ఎక్కువ కాలం బతుకుతుంది గదా? కుక్కల్లో మాత్రం పెద్ద జాతులు త్వరగా ముసలివవుతాయి, చిన్న జాతులు ఎక్కువ కాలం బతుకుతాయి. ఏమైనా మోతీ నాకన్న పెద్దదే అనుకుని గౌరవిస్తున్నాను.

సరే, ఇంటి గడప దగ్గరే మొదటి మజిలీ. మా ఇంట్లో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. వేసవిలో చల్లగా ఉంటాయి, బాగానే ఉంటుంది. కాని ముసలి కుక్కకు నున్నటి బండల మీద కాళ్ళు నిలవవు. మోతీ లేవబోయేటప్పుడు చూడండి. ముందు కాళ్ళు పూని, ఒక క్షణం ఆగి, అప్పుడు నడుము లేపుతుంది. ఆ సమయంలో వెనక కాళ్ళు చెరో వైపుకు జారిపోతాయి. కీళ్ళలో ఎముక చివరలకు మెత్తటి గుల్ల వంటి పొర ఒకటుంటుంది. అదే బండి ఇరుసుకు కందెన వంటిది. వయస్సుతో ఆ పొర అరిగిపోతుంది, కీలు వాస్తుంది. మీ తాతగారు మెట్ల దగ్గర "అమ్మయ్య" అంటారు చూశారూ, ఇదీ అదే బాధ. మేము పసుపు నింపే పాత గోనె సంచులు ఉతికి, మోతీ పడుకునే చోటు నుంచి వాకిలి దాకా వరసగా పరిచాము. ఖర్చు ఏమీ లేదు. కాలు జారడం మానింది.

గోళ్ళ సంగతి కూడా చెప్పాలి. పడుచు కుక్క తిరిగి తిరిగి తన గోళ్ళు తానే అరగదీసుకుంటుంది. ముసలిది తక్కువ నడుస్తుంది కనక గోళ్ళు పెరిగి, వంగి, నడిచేటప్పుడు బండల మీద టకటకమంటాయి. ఆ చప్పుడు వినబడితే గోళ్ళు తీయించే వేళ అయిందన్నమాట. గోరు లోపల నెత్తురు నాళం ఉంటుంది, కనక ఆ పని పెద్దవాళ్ళు చెయ్యాలి; మీరు కత్తెర పట్టుకోవద్దు.

ఇక వీధిలోకి వద్దాం. మోతీ మెడకు పట్టా, పట్టాకు గొలుసు. చిన్నప్పుడు దీనికి గొలుసు అవసరమే ఉండేది కాదు; పిలిస్తే చాలు, పొలం అవతలి గట్టు నుంచి దూసుకు వచ్చేది. ఇప్పుడు వెనక నుంచి మోటారు సైకిలు వస్తే వినబడదు. దాని కళ్ళు చూడండి, నల్లగుడ్డు మీద నీలిపొగ కమ్మినట్టు లేదూ? అది చూసి "కుక్కకు గుడ్డితనం వచ్చింది" అని కంగారు పడేవాళ్ళున్నారు. వయస్సుతో కంటి లోపలి కటకం గట్టిపడి అలా నీలంగా కనిపిస్తుంది. చూపు కొంచెం తగ్గుతుంది గాని పోదు. కటకం పాలలాగా తెల్లబడితే అది శుక్లం. రెంటికీ తేడా చెప్పవలసింది పశువైద్యుడే.

మోతీని పలకరించాలంటే ఎదురుగా వెళ్ళండి, కనబడేటట్టు. నిద్రపోతుంటే ఒంటిమీద చెయ్యి వెయ్యవద్దు. పక్కన నేలమీద కాలితో మెల్లగా తట్టండి, ఆ అదురు దాని కడుపుకు తెలుస్తుంది. ఉలిక్కిపడి లేచిన కుక్క, నొప్పితో ఉన్న కుక్క, ఎంత మంచిదైనా కరవవచ్చు. అది దాని దుర్మార్గం కాదు. ఏ కుక్క కరిచినా, మీ ఇంటిదైనా సరే, ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట సేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. దాచవద్దు. మోతీకి పిచ్చికుక్క వ్యాధి రాకుండా ఏటా టీకా వేయిస్తున్నాము. ముసలిదయింది గదా, ఇంకెందుకు అని ఆ టీకా మానకూడదు.

ఇదిగో, పెద్ద రోడ్డు. దీనిని 44వ నంబరు జాతీయ రహదారి అంటారు. కాశ్మీరపు శ్రీనగరం నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. దేశమంతా మన ఊరి మీదుగానే పోతున్నట్టుంటుంది. ఇక్కడ మోతీ ఒక్క క్షణం ఆగుతుంది, నేనూ ఆగుతాను. రోడ్డు పక్కన హోటళ్ళ దగ్గర అప్పుడప్పుడు మెడకు పట్టా ఉన్న ముసలి కుక్క కనబడుతుంది. వీధి కుక్కకు పట్టా ఎక్కడిది? ఎవరో కారులో తెచ్చి దించిపోయినదే. మొన్న చలికాలంలో ఒకటి చూశాను. ఏ కారు వచ్చి ఆగినా లేచి, తలుపు దగ్గరికి పోయి, దిగినవాళ్ళ కాళ్ళు వాసన చూసి, తిరిగి వచ్చి అదే చోట పడుకునేది. హోటలు కుర్రవాడు రొట్టె వేస్తే తినేది కాదు. నాలుగో రోజున కనబడలేదు.

ఇంట్లో కావలి కాయలేకపోతోంది, వరండా తడుపుతోంది, మందులకు డబ్బవుతోంది అని ఇటువంటి పని చేస్తారు. పెద్దలకు ఒక మాట చెబుతాను. 1960లో మన పార్లమెంటు జంతువుల పట్ల క్రూరత్వాన్ని ఆపడానికి ఒక చట్టం చేసింది. పెంచిన జంతువును సరైన కారణం లేకుండా, అది ఆకలితోనో దాహంతోనో బాధపడే స్థితిలో వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరం. శిక్ష సంగతి అటుంచి, కారు దిగమన్నప్పుడు ఆ కుక్క తోక ఊపుకుంటూనే దిగి ఉంటుందని నాకు తోస్తుంది. ఆ మాట మటుకు నా మనస్సు నుంచి పోదు.

పదండి, చెరువు వైపు పోదాం. ఇక్కడ మీకు ఓపిక కావాలి. మోతీ ఒక్కొక్క రాయినీ, ఒక్కొక్క తుప్పనూ వాసన చూస్తుంది. గొలుసు లాగకండి! కుక్కపిల్ల పుట్టినప్పుడు దాని కళ్ళూ చెవులూ మూసుకునే ఉంటాయి. రెండు వారాలకో, ఆపైనో తెరుచుకుంటాయి. ముక్కు మాత్రం మొదటి రోజే పని చేస్తుంది. దాని సాయంతోనే తల్లి పొదుగును వెతుక్కుంటుంది. చాలా కుక్కలకు చూపూ వినికిడీ తగ్గిన తరువాత కూడా ఆ ముక్కే తోడుంటుంది. మనం వార్తాపత్రిక చదివినట్టు మోతీ ఈ కట్టను చదువుకుంటున్నది. ఎవరి మేకలు పోయినాయో, రాత్రి ఏ నక్క నీళ్ళకు వచ్చిందో అన్నీ దీనికి తెలుసు. నడక చిన్నదైనా ఫరవాలేదు, ఈ చదువు మాత్రం తగ్గించకూడదు.

గుట్ట వచ్చేసింది. పైన రామాలయం. కాకతీయుల కాలపు పనితనమని, పద్నాలుగో శతాబ్దానిదని చెబుతారు. నల్లరాయీ తెల్లరాయీ కలిసి ఉంటాయి. గోడల నిండా శిల్పాలే. కట్టడం మధ్యలో ఆగిపోయిందనడానికి గుర్తులు కనిపిస్తాయి. మీరు పైకి వెళ్ళి ఆ శిల్పాలను తీరిగ్గా చూసి రండి. ఏ రాజు పేరేమిటి అని కాదు, ఉలి ఎక్కడెక్కడ ఎంత లోతుకు పోయిందో చూడండి. మేమిద్దరం కింద నీడలో కూచుంటాము. పోయిన ఏడు మోతీ పై దాకా ఎక్కింది. ఈ ఏడు మూడు మెట్లెక్కి నా వైపు తిరిగి చూసింది. నాకూ మోకాళ్ళు అలాగే ఉన్నాయి కనక మా ఇద్దరికీ తగువు లేదు.

మీరు వచ్చేలోపు రాముడి గుడి దగ్గర చెప్పుకోదగిన కథ ఒకటి జ్ఞాపకం వస్తున్నది. రామాయణం ఉత్తరకాండలో, కొన్ని ప్రతులలో, ఒక కుక్క రాముడి సభకు వచ్చి ఫిర్యాదు చేస్తుంది. దాని తల పగిలి ఉంటుంది. రాముడు దాన్ని లోపలికి పిలిపించి, ఎవరు కొట్టారని అడుగుతాడు. సర్వార్థసిద్ధుడనే భిక్షువు కొట్టాడని చెబుతుంది. భిక్షువును పిలిపిస్తే, "ఆకలితో ఉన్నాను, దారికి అడ్డంగా ఉన్నది, తొలగమంటే తొలగలేదు, కోపం వచ్చి కొట్టాను" అని ఒప్పుకుంటాడు. ఆ భిక్షువుకు కుక్క కోరిన శిక్ష చాలా విచిత్రమైనది. ఇంట్లో పెద్దవాళ్ళ నడిగి తెలుసుకోండి. నేను మీకు చెప్పదలచింది "తొలగమంటే తొలగలేదు" అన్న మాట గురించి. ఇప్పటికీ వీధిలో ఆ మాటే అంటారు. చెవుడు వచ్చిన కుక్కకు తొలగమన్న మాట ఎలా వినబడుతుంది?

ఇక్కడి నుంచి ఆసుపత్రికి ఆటోలో పోదాం. మోతీకి ఒక పూటకు ఇంత నడక చాలు. ఆటోలోకి అది దూకకుండా రెండు చేతులతో ఎత్తాలి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి తొడల వెనక. నడుము వేలాడకూడదు.

విక్టోరియా ఆసుపత్రి కథ చాలా గొప్పది. స్కాట్లండు దేశానికి చెందిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. ఆ రోజుల్లో కుష్ఠు సోకినవాళ్ళను ఊరి బయటికి వెళ్ళగొట్టేవారు. సొంత బిడ్డలు కూడా దగ్గరికి రానిచ్చేవారు కారు. ఆమె 1911లో నిజామాబాదులో వారికోసం ఒక చిన్న ఆశ్రయం తెరిచింది. వచ్చేవాళ్ళు ఎక్కువై చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ అనే దాత ముందుకు వచ్చి ధనమిచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో ఈ ఆసుపత్రి వెలిసింది. ఆమె 1932లో చనిపోయింది. అప్పటికి ఆ జబ్బుకు సరైన మందు లేదు. ఇప్పుడున్నది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇమ్మని సిఫారసు చేసింది. వాటితో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. ఎవరినీ ఊరి బయట పెట్టవలసిన పని లేదు.

కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. అందువల్ల చేతులకూ కాళ్ళకూ స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, వేడి గిన్నె పట్టుకున్నా నొప్పి తెలియదు. తెలియక పుండు పెద్దదవుతుంది. నొప్పి తెలియకపోవడం హాయి అనుకుంటాము గాని, నిజానికి అదే ప్రమాదం. అందుకే అటువంటివారికి రోజూ అరికాళ్ళను కంటితో చూసుకోవడం నేర్పుతారు. చర్మం చెప్పని సంగతి కన్ను కనిపెట్టాలన్నమాట.

ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, మోతీని చూడడం నేను ఆ పాఠం నుంచే నేర్చుకున్నాను. కుక్కకు నొప్పి తెలుస్తుంది, చెప్పదు. అడవిలో బతికిన దాని తాత ముత్తాతలు కుంటితనం బయటపెడితే శత్రువుకు చిక్కేవి. ఆ గుణం ఇంకా పోలేదు. "మా కుక్కకు నొప్పి లేదు, ఉంటే అరుస్తుంది గదా" అనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. దీపాలు పెట్టే వేళకు నేను రోజూ ఐదు నిమిషాలు మోతీ దగ్గర కూచుంటాను. నాలుగు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూస్తాను. చెవుల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో తడుముతాను. ఒకే కీలును పదే పదే నాకుతున్నదా? పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా, కొవ్వు కప్పేసిందా? నోరు కుళ్ళు వాసన వేస్తున్నదా? అలా వేస్తే పన్నో చిగురో పాడయిందన్నమాట. కొత్త గడ్డ ఏదైనా తగిలిందా? తేడా ఉంటే క్యాలెండరులో ఆ తేదీ మీద రాస్తాను. పశువుల దవాఖానాలో డాక్టరు "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగినప్పుడు ఆ క్యాలెండరు కన్న మంచి సాక్షి లేదు. ఈ పని మీలో ఎవరైనా చెయ్యగలరు. నాలుగో తరగతి చదువు చాలు.

ఒక్క పని మటుకు ఎవరూ చెయ్యకూడదు. మన నొప్పి మాత్రలు కుక్కకు వెయ్యకూడదు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటివి మనకు మందు, కుక్కకు విషం కాగలవు. దానికి తగిన మందులు వేరే ఉన్నాయి, డాక్టరే ఇవ్వాలి.

తిరుగు దారిలో మోతీ నీళ్ళు తాగుతుంది. ఎంత తాగుతుందో చూస్తూ ఉండాలి. ముసలి కుక్క ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు తాగి, మాటిమాటికీ మూత్రం పోస్తే, మూత్రపిండాల జబ్బో చక్కెర జబ్బో కావచ్చు. అవును, చక్కెర జబ్బు కుక్కలకూ వస్తుంది! మా వైపు తీపికి కొదవ లేదు. బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడే దాకా, చెరకు బండ్ల వెనక పరుగెత్తి ఒక గడ లాక్కోని పిల్లవాడు ఈ ప్రాంతంలో లేడు. ఆ అలవాటున కుక్కకు కూడా బెల్లం ముక్క వేస్తారు. వెయ్యవద్దు. చాక్లెట్టు, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి కూడా దానికి పనికిరావు. ఉడికించిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. మోతీకి మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, కొంచెం మాంసం, రెండు పూటలా. వరండా తడుపుతోందని నీళ్ళు తగ్గించడం ఘోరం. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. బయటికి తీసుకుపోయే సార్లు మనం పెంచుకోవాలి. రాత్రి లేచి గోడకేసి చూస్తూ నిలబడినా తిట్టవద్దు. వృద్ధులకు మాదిరిగానే కుక్కలకూ మతిమరుపు వస్తుంది, దారి తెలియక నిలబడతాయి. మేము ఒక చిన్న దీపం వెలిగించి ఉంచుతాము.

మీరు రాదలచుకుంటే ఎండాకాలం వద్దు. నిజామాబాదు ఎండలు మీరు వినే ఉంటారు. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి విసనకర్ర. కాలే తారు రోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. మీ చెయ్యి వెనకవైపు రోడ్డుకు ఆనించి చూడండి. మీరు ఓర్చలేకపోతే అదీ ఓర్చలేదు. సంక్రాంతి సెలవుల్లో రండి. కుర్రకాళ్ళకు ఈ తిరుగుడంతా రెండు గంటల పని. మోతీతో అయితే పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతాము. ఆలోచించి, మళ్ళీ ఏడు వద్దాంలే అనుకోకండి. ఈ సంక్రాంతికే రండి.